రొయ్యల షెడ్డులో వెల్‌నెస్ ప్యాకేజీ: ఏడాది వాడాక నా మాట

మా ప్లాంటులో ఉద్యోగుల కోసం వెల్‌నెస్ ప్యాకేజీ, అంటే మనసూ ఒళ్ళూ బాగుండటానికి బయటి సంస్థ ఇచ్చే సేవలు, తీసుకుని ఈ జూన్ 30కి ఏడాది అవుతుంది. రెన్యువల్ చెయ్యాలా వద్దా, రెండు పేజీల్లో రాసివ్వమని ఎండీగారు అడిగారు. రాసిచ్చాను. అదే సంగతి ఇక్కడ ఇంకొంచెం విడమరిచి రాస్తున్నాను. భీమవరం చుట్టుపక్కల ప్లాంట్లలో హెచ్‌ఆర్ చూసేవాళ్ళు వారానికొకరైనా ఫోను చేసి "మీరు తీసుకున్నారంట కదండీ, ఎలా ఉందండీ?" అని అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పేకన్నా ఇది నయం. సంస్థ పేరు రాయను. హైదరాబాద్ నుంచి వచ్చిన సంస్థ అని మాత్రం చెప్తాను. చెప్పాల్సిన లోపాల్లో కొన్ని వాళ్ళవి, కొన్ని మావి.

నేను పదకొండేళ్ళ కిందట ప్యాకింగ్ సెక్షన్లో చేరాను. నాలుగేళ్ళు షెడ్డులో నిలబడి పనిచేశాకే టైం ఆఫీసుకి, అక్కణ్ణుంచి హెచ్‌ఆర్‌కి వచ్చాను. మాది రొయ్యల ప్రాసెసింగ్. చెరువుల్లో పెంచి పట్టిన వనామీ రకం రొయ్య ఐసులో మా గేటుకొస్తుంది. తలలు తీయడం, ఒలవడం, నరం తీయడం, కౌంటు ప్రకారం, అంటే కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్కన వేరుచెయ్యడం (గ్రేడింగు), ఆ తర్వాత ఫ్రీజింగు, ప్యాకింగు. నాలుగొందల మందికి దగ్గర్లో ఉంటాం, ఎక్కువమంది ఆడవాళ్ళే. మొగల్తూరు, వీరవాసరం, నరసాపురం వైపు నుంచి వ్యాన్లలో వస్తారు. రాజోలు వైపు వాళ్ళు చించినాడ వంతెన దాటి వస్తారు. తెల్లారి నాలుగింటికి లేచి వంట చేసి, క్యారేజీ కట్టుకుని ఐదున్నరకి వ్యానెక్కే మనుషులు వీళ్ళు. ఈ ప్యాకేజీ మంచిదా కాదా అన్నది వాళ్ళకి ఏం ఒరిగిందన్న దాన్నిబట్టే తేల్చాలని మొదటే అనుకున్నాను.

ప్యాకేజీలో ఉన్నవి ఇవి: ఫోన్లో యాప్, నెలకో ఆన్‌లైన్ క్లాసు, ఫోన్ కౌన్సెలింగు, రెండు నెలలకోసారి యోగా, ఆర్నెల్లకో సర్వే, సూపర్‌వైజర్లకి ట్రైనింగు, నెలకి రెండు మంగళవారాలు కౌన్సెలర్ మా దగ్గరికి రావడం. డెమోలో గంటన్నర యాప్ గురించే చెప్పారు. కౌన్సెలర్ గురించి ఆఖర్లో ఒక్క మాట చెప్పి వదిలేశారు. ఏడాది అయ్యాక చూస్తే మాకు అక్కరకొచ్చింది ఆ ఆఖరి మాటే.

యాప్ సంగతి ముందు చెప్పేస్తాను. షెడ్డులోకి ఫోను తేకూడదు, లాకర్లో పెట్టాల్సిందే. షిఫ్టు అయ్యాక వ్యాను, ఇంటికెళ్ళాక వంట. చాలామంది ఇళ్ళలో మంచి ఫోను ఒకటే, అది కొడుకు చేతిలోనో భర్త చేతిలోనో ఉంటుంది. మేం రికార్డుల్లో ఉన్న నంబర్లిచ్చాం, రిజిస్ట్రేషన్ ఓటీపీలు ఆ నంబర్లకే వెళ్ళాయి. మర్నాడు పొద్దున్నే ఒకావిడ నా దగ్గరికొచ్చి "మేడంగారండీ, మా ఆయన ఆ మెసేజీ చూసి ఎవడు పంపాడు, ఎందుకు పంపాడని రాత్రంతా ఒకటే గొడవండి" అంది. ఆ మాటతో నా కడుపులో దేవినట్టయింది. మనిషికి మనశ్శాంతి ఇద్దామని తెచ్చింది ఇంట్లో గొడవై కూర్చుంది. ఆ రోజే షెడ్డు వాళ్ళందరికీ యాప్ ఆపించాను. నంబరు ఎవరి చేతిలో ఉంటుందో ముందే అడగాల్సింది. ఆ అడగాల్సింది సంస్థ వాళ్ళు కాదు, మేము.

ఆఫీసు వాళ్ళకి మాత్రం యాప్ కొంత పనికొచ్చింది. ఎక్స్‌పోర్టు డాక్యుమెంట్లు చూసేవాళ్ళు, సరుకు నాణ్యత చూసే క్యూసీ ల్యాబు పిల్లలు సొంత ఫోనున్నవాళ్ళు. రాత్రి పదింటికి కూడా మెయిళ్ళు చూసుకునే ఒక అబ్బాయి ఫోన్ కౌన్సెలింగు వాడుకున్నాడు. అతనే వచ్చి చెప్పాడు కాబట్టి నాకు తెలిసింది. నిద్ర పట్టడం లేదని మొదలుపెట్టి నాలుగు కాల్స్ మాట్లాడాడట, తేలిగ్గా ఉందన్నాడు. కాబట్టి యాప్ అనేది ఎవరికీ వద్దని నేను అనను. ఐటీ ఆఫీసుల కోసం తయారైనదాన్ని తెచ్చి పీలింగ్ టేబుల్ దగ్గర పెడితే పనిచెయ్యదు, అంతే.

యోగా గురించి కూడా అడుగుతారు. టీచరుగారు చాలా ఓపికమంతురాలు, ఆవిడ తప్పేం లేదు. తొమ్మిది గంటలు నిలబడ్డ మనిషిని సాయంత్రం వరండాలో చాపమీద పడుకోబెట్టి శవాసనం వెయ్యమంటే రెండు నిమిషాల్లో గురక వినపడింది. ఒకరిద్దరు కాదు, ఆ వరస మొత్తం నిద్రపోయారు. టీచరుగారు లేపబోతే నేనే వద్దన్నాను. వ్యాను పది నిమిషాలు ఆపించాను. వాళ్ళకి కావాల్సింది ఆసనం కాదు, నడుం వాల్చడం. అది తెలుసుకోవడానికి నాకు ఆ సాయంత్రం చాలింది.

సర్వే దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. తెలుగులోనే ఇచ్చారు గానీ ఆ తెలుగు ఎవరు మాట్లాడతారో నాకు తెలియదు. "గత రెండు వారాల్లో మీ శక్తి స్థాయిని ఒకటి నుంచి పది వరకు అంచనా వేయండి" అని ఉంది. ఒక పెద్దావిడ కాగితం పట్టుకుని "పదికి ఎంత వేస్తే మంచిదండీ, తక్కువేస్తే పనిలోంచి తీసేస్తారా అండీ?" అని అడిగింది. అందరూ ఎనిమిదీ తొమ్మిదీ వేశారు. మా షెడ్డు అంత ఆనందంగా ఉందని రిపోర్టు వచ్చింది.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి. పేర్లు బయటికి రావని చెప్పారు, రాలేదు కూడా. కానీ రిపోర్టు సెక్షన్లవారీగా ఇచ్చారు. రాత్రి షిఫ్టు గ్రేడింగులో అప్పుడు ఆరుగురే ఉన్నారు. ఆ ఆరుగురిలో ఒత్తిడి ఎక్కువని ఒక గీత, "సూపర్‌వైజర్ ప్రవర్తన" అని పక్కన ఒక ముక్క. రాసిందెవరో పట్టడానికి మా సూపర్‌వైజర్‌కి పావుగంట పట్టలేదు. ఆ అమ్మాయి వారం రోజులు నా ముఖం చూడలేదు. నేను మాటిచ్చాను, ఆ మాట పోయింది. తర్వాత సంస్థతో రాతపూర్వకంగా ఒప్పించుకున్నాను: పాతికమందికి తక్కువ ఉన్న సెక్షన్ను విడిగా చూపించకూడదు, పక్క సెక్షన్తో కలిపే ఇవ్వాలి. మీరు ఏ సంస్థతో ఒప్పందం చేసుకున్నా ఈ ఒక్క షరతు సంతకానికి ముందే పెట్టించుకోండి. నేను ఆలస్యంగా పెట్టించాను, అందుకు ఆ అమ్మాయి నలిగింది.

ఇక కౌన్సెలర్‌గారు. రాజమండ్రి నుంచి వచ్చేవారు. మొదటి మంగళవారం మీటింగ్ హాల్లో కుర్చీ వేసి కూర్చోబెట్టాం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కరూ రాలేదు. ఆ తలుపు ఎండీగారి గదికి ఎదురుగా ఉంటుంది మరి. ఆవిడ నన్నేమీ అనలేదు. "సాయంత్రం రాజోలు వ్యానులో నేను కూడా వెళ్తానండి, అక్కణ్ణుంచి బస్సు పట్టుకుంటాను" అన్నారు. వెళ్ళారు. రెండో మంగళవారం కూడా అలాగే వెళ్ళారు. కష్టసుఖాలు చెప్పుకోవడానికి వ్యానుకి మించిన చోటు లేదు. చీకటి పడుతుంటే, వంతెన మీద గాలి తగులుతుంటే, పక్కన కూర్చున్న మనిషితో మాట దానంతటదే వస్తుంది. మూడో మంగళవారం నుంచి క్యాంటీన్ వెనక చిన్న గది ఇచ్చాం. లైను కట్టారు.

ఎవరేం చెప్పుకున్నారో ఆవిడ నాకెప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎక్కువమంది నోట విన్నవి మాత్రం పేర్లు లేకుండా ఒక కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితం ఇప్పటికీ నా సొరుగులో ఉంది. మొదటిది బాత్రూము. రెండోది చేతులు. మూడోది వ్యాను కోసం కాచుకోవడం. నాలుగోది సూపర్‌వైజర్ల నోరు. ఐదోది వారం వారం కట్టే కిస్తీలు. మందు తాగే భర్తలు, కువైట్లో ఉన్న కూతురి మీద బెంగ, ఇవన్నీ ఆ తర్వాతే. నేను వరస తిరగేసి ఉంటుందనుకున్నాను. ఇంటి కష్టాలు ముందుంటాయని, ఫ్యాక్టరీది తర్వాతని. కానే కాదు.

బాత్రూము మాట కొంచెం వివరంగా చెప్పాలి, షెడ్డులో చెయ్యనివాళ్ళకి అర్థం కాదు. బాత్రూముకి వెళ్ళాలంటే గ్లౌజులు తీయాలి, ఏప్రాన్ తీయాలి, గమ్‌బూట్లు మార్చాలి. తిరిగొచ్చేటప్పుడు అవన్నీ మళ్ళీ వేసుకుని, చేతులు సబ్బుతో కడిగి, క్లోరిన్ నీళ్ళలో ముంచి, బూట్లు కూడా ముంచి రావాలి. శుభ్రత కోసం అది తప్పదు, తగ్గించకూడదు కూడా. కానీ ఒలిచిన కిలోల లెక్కన డబ్బులొచ్చే మనిషికి ఆ పదిహేను నిమిషాలూ జేబులోంచి పోయినట్టే. అందుకని పొద్దున్నుంచి నీళ్ళు తాగరు. మూత్రంలో మంట, జ్వరం, మళ్ళీ పని. నేను షెడ్డులో ఉన్న నాలుగేళ్ళూ నేనూ అలాగే చేశాను. ఆఫీసులోకి వచ్చాక మర్చిపోయాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ బాధగానే ఉంది.

ఇప్పుడు రెండు గంటలకోసారి లైను మొత్తం పావుగంట ఆపుతున్నాం. అందరికీ ఒకేసారి ఆగుతుంది కాబట్టి ఎవరికీ కిలోలు తగ్గవు, ఆ పావుగంటకి మామూలు కూలీ లెక్క కలుపుతున్నాం. బాత్రూములు ఇంకో నాలుగు కట్టించాం. ప్రొడక్షన్ మేనేజరుగారు మొదట్లో ససేమిరా అన్నారు. టన్నుల లెక్క పడిపోతుందన్నారు. ఏప్రిల్, మే పట్టుబడి సీజన్లో మళ్ళీ ఆ లెక్క తీసి చూస్తే పడిపోలేదు, ఆయనే వచ్చి చెప్పారు.

చేతుల సంగతి. గ్లౌజులున్నా గంటలకొద్దీ ఐసు నీళ్ళలో ఉంటే వేళ్ళ సందుల్లో తోలు నాని తెల్లబడి ఊడొస్తుంది. రొయ్య ముల్లు గుచ్చుకుంటే ఆ చలికి తెలీదు, రాత్రి ఇంటికెళ్ళాక సలుపుతుంది. ఇప్పుడు బ్రేకులో చేతులు పెట్టుకోవడానికి స్టీలు తొట్టిలో గోరువెచ్చని నీళ్ళు ఉంచుతున్నాం. మొదటి రోజు నేను పక్కనే నిలబడి చూశాను. ఒకావిడ చేతులు ముంచి కళ్ళు మూసుకుంది. ఎర్రగా, బిగుసుకుపోయిన వేళ్ళు ఒక్కొక్కటీ మెల్లగా విచ్చుకున్నాయి, తడిబట్ట మడత విప్పినట్టు. నిమిషం దాటాక "అమ్మయ్య" అంది. ఆ ఒక్క మాటే. రబ్బరు గ్లౌజు లోపలికి పల్చటి నూలు గ్లౌజు కూడా ఇస్తున్నాం. కొబ్బరి నూనె బాటిల్ లాకర్ గదిలో పెట్టాం, షిఫ్టు అయ్యాకే రాసుకోవాలి, ముందు రాసుకుంటే సరుకుకి అంటుతుంది.

నిలబడి పనిచేసేవాళ్ళు వీలు దొరికినప్పుడు కూర్చునేందుకు ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది. స్టూళ్ళు మా దగ్గరా ఉన్నాయి, స్టోరు గదిలో ఒకదానిమీద ఒకటి పేర్చి. కూర్చుంటే పని మందగిస్తుందని ఎవరో ఎప్పుడో లోపల పెట్టించారు. 30 మందికి మించి ఆడవాళ్ళుంటే పిల్లల గది ఉండాలని కూడా ఆ చట్టంలో ఉండేది. మా పిల్లల గదిలో కార్టన్లు ఉండేవి. స్టూళ్ళు బయటికి తెచ్చాం, కార్టన్లు తీయించాం. గదిలో ఇప్పుడు ఆయా, రెండు ఉయ్యాలలు, తొమ్మిదిమంది పిల్లలు. వీటికి ఏ సంస్థకీ డబ్బు కట్టక్కర్లేదు. ఇది ఎవరినో తప్పుపట్టడానికి రాయడం లేదు. మీ స్టోరు గదీ ఒకసారి తీసి చూడండి.

ప్యాకేజీలో నేను పూర్తి మార్కులు వేసేది సూపర్‌వైజర్ల ట్రైనింగుకి. రెండు సగం రోజులు. ఉపన్యాసం లేదు, మావాళ్ళచేతే ఆడించి చూపించారు. ఒకరు సూపర్‌వైజరు, ఒకరు సెలవడిగే కూలీ. సెలవు ఇవ్వలేకపోతే ఎలా చెప్పాలి, ఏడుస్తున్న మనిషితో ముందు ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు, అన్నీ చేసి చూపించడమే. మా దగ్గర టోకెన్ నంబరుతో పిలవడం అలవాటు. "ఏయ్ పదిహేడూ!" అని అరిస్తే షెడ్డు చివర్లో ఎవరో తలెత్తుతారు. ట్రైనింగులో సూపర్‌వైజర్లనే నంబర్లతో పిలిచారు. అరగంటకే ఒకాయన "నాకు పేరుందండీ" అని లేచి నిలబడ్డారు. గది నిశ్శబ్దమైపోయింది. మర్నాటి నుంచి టోకెన్ మీద నంబరు కింద పేరు రాయించాం. పెద్దవాళ్ళని పిన్నిగారు అనో, అప్పగారు అనో పిలుస్తున్నారు. అందరూ మారిపోయారని చెప్పను. ఇద్దరు మారలేదు, వాళ్ళతో ఇంకా కూర్చోవాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పనిచోట మానసిక ఆరోగ్యం మీద మార్గదర్శకాలిచ్చింది. కుంగుబాటు, ఆందోళనల వల్ల ఏటా ప్రపంచంలో 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయని, ఆ నష్టం లక్ష కోట్ల డాలర్లని ఆ ఏడాదే లెక్క చెప్పింది. ఆ మార్గదర్శకాలు మనిషికి ధ్యానం నేర్పడంతో సరిపెట్టలేదు. పని పరిస్థితులు మార్చడం, మేనేజర్లకి ట్రైనింగు ఇవ్వడం కూడా ఉన్నాయి. మాకు ప్యాకేజీ అమ్మడానికి వచ్చినాయన చూపించిన స్లైడ్లలో లక్ష కోట్ల డాలర్ల ముక్క ఉంది, పని పరిస్థితుల ముక్క లేదు. అది కూడా చూపించి ఉంటే మాకు ఆరు నెలలు కలిసొచ్చేవి.

ప్యాకేజీలో అసలు లేనివీ ఉన్నాయి. ఈఎస్ఐ, అంటే కార్మికుల ప్రభుత్వ ఆరోగ్య బీమా, దాని గురించి ఒక్క క్లాసూ లేదు. నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్ళందరి దగ్గరా జీతంలో 0.75 శాతం పట్టుకుంటాం, కంపెనీ 3.25 శాతం కడుతుంది. జబ్బు చేసి డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే ఏడాదిలో 91 రోజుల దాకా కూలీలో 70 శాతం ఈఎస్ఐ నుంచి వస్తుందని మావాళ్ళలో చాలామందికి తెలియదు. మొదటి రెండు రోజులకి రావు, చందా కట్టిన రోజులు సరిపోవాలి, ఆ షరతులున్నాయి. అయినా ఇది తెలియక జ్వరంతో ఐసు నీళ్ళలో చేతులు పెట్టినవాళ్ళున్నారు. ఈ క్లాసు నేనే చెప్పాను, క్యాంటీన్లో, భోజనాలప్పుడు, నాలుగు విడతలుగా. నెలాఖరుకల్లా పదిమందికి పైగా ఈఎస్ఐ కార్డులు సరిచేయించుకున్నారు. ఆధార్లో ఇంటిపేరు ఒకలా, కార్డులో ఒకలా ఉండటంతో ఆగిపోయినవే అన్నీ.

ఫోన్ కౌన్సెలింగుకి డబ్బు కట్టేముందు ఇది కూడా తెలుసుకోండి. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత సేవ ఉంది. 14416కి ఏ వేళప్పుడు చేసినా తెలుగులో మాట్లాడతారు, యాప్ అక్కర్లేదు, కీప్యాడ్ ఫోను చాలు. ఆ నంబరు పెద్ద అక్షరాలతో లాకర్ గదిలోనూ, వ్యాన్లలో సీటు వెనకా అంటించాం.

ఫలితం ఏంటని ఎండీగారు అడిగారు. నేను గేటు రిజిస్టరు తీసి చూపించాను. ఏటా మే నెలలో మానేసినవాళ్ళ పేర్లు రెండు పేజీలు దాటేవి. ఈసారి ఒక పేజీలో అయిపోయాయి. అదంతా ఈ ప్యాకేజీ వల్లేనని నేను రాయలేదు. వ్యాను వేళ మార్చడం వల్ల కొంత, బ్రేకుల వల్ల కొంత, పిల్లల గది వల్ల కొంత. వ్యాను సంగతి చెప్పలేదు కదా: ఇదివరకు ఓటీ (షిఫ్టు అయ్యాక అదనపు పని) చేసేవాళ్ళ కోసం మిగతా అందరూ గంట సేపు గేటు దగ్గర కాచుకునేవారు. ఇప్పుడు ఓటీ వాళ్ళకి వేరే ట్రిప్పు పెట్టాం. రాజోలు వ్యాను ఆరుంపావుకి బయల్దేరుతోంది, చీకటి పడేలోపు వంతెన దాటుతోంది.

మొత్తంమీద సంస్థకి ఐదుకి మూడు ఇస్తాను. కౌన్సెలర్‌కి ఐదు, సూపర్‌వైజర్ల ట్రైనింగుకి ఐదు, యోగాకి రెండున్నర, యాప్‌కి షెడ్డు మట్టుకు సున్నా, సర్వేకి ఒకటి. అడిగితే మార్చుకునే గుణం వాళ్ళకుంది, అది మెచ్చుకోవాలి. షరతు రాసిమ్మంటే రెండు రోజుల్లో రాసిచ్చారు. రెన్యువల్‌కి నేను రాసింది ఇది: షెడ్డుకి యాప్, ఆన్‌లైన్ క్లాసులు తీసెయ్యాలి. కౌన్సెలర్ రెండు మంగళవారాలు కాదు, నాలుగూ రావాలి. ట్రైనింగు కొత్తగా వచ్చే ప్రతి సూపర్‌వైజరుకీ ఉండాలి. మిగిలిన డబ్బుతో రెండో లైనుకి కూడా వేడినీళ్ళ తొట్టి పెట్టించాలి. ఎండీగారు తొట్టికి వెంటనే సరేనన్నారు, నాలుగు మంగళవారాల గురించి ఆలోచిస్తున్నారు. నేను మళ్ళీ అడుగుతాను.

ఎవరైనా వచ్చి చూస్తామంటే పొద్దున పదింటి బ్రేకు టైముకి రండి. ఫోను లాకర్లో పెట్టాలి, గమ్‌బూట్లు మేమే ఇస్తాం. కౌన్సెలర్‌గారి గది వైపు మాత్రం ఎవర్నీ పంపను.